ఇంటి యంత్రములు: కారు చక్రముల కొలత

ఒక సోదరి మాకిట్లు వ్రాయుచున్నారు: "మా యింట మారుతి బలేనో కారు కలదు. అది తక్కువ వెల రకము. మా మరిది దానికి 17 అంగుళముల అల్లాయి చక్రములు వేయింపవలయునని పట్టుపట్టియున్నాడు. దుకాణమువారు భయమేమియు లేదనుచున్నారట. మావారు తమ్ముని మాట కాదనలేరు. ఆ కారులోనే మా అత్తగారిని వారమునకు రెండుమారులు డయాలిసిసు చేయించుటకు ఆసుపత్రికి తీసికొనిపోవుచున్నాము. పిల్లలును దానిలోనే బడికి పోవుదురు. ఈ మార్పు తగునా, తగదా? చట్టమేమి చెప్పుచున్నది? కాదనుటకు నాకు కారణము తెలియదు; ఔననుటకు ధైర్యము చాలదు."

ఈ ప్రశ్న యొక్క యింటిది కాదు. కారు కలిగిన ప్రతి యింటను, ముఖ్యముగా యౌవనమందున్న కుమారుడో మరిదియో యున్న యింటను, ఎప్పుడో యొకప్పుడు పుట్టెడిదే. చక్రముల సంగతి మగవారికి సంబంధించినదని మనము తలంచుట వాడుకయైపోయినది. కాని యా చక్రములమీద నెక్కి పోవువారు ఇంటిల్లపాదియును గదా! మఱియు నీ విషయములో తెలియరాని గహనము లేదు. గాజుల కొలతను, ధాన్యపు కొలతను ఎఱిగిన గృహిణికి దీని నెఱుగుట గడియసేపటి పని.

టైరుమీది యక్కరములు

మొదట మీ కారు టైరు ప్రక్కభాగమును చూడుడు. దానిపై 185/65 ఆర్ 15 88 హెచ్ అను తీరున నొక వ్రాత యుబ్బెత్తుగా నుండును. దీనిలో 185 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటరులలో. 65 అనగా టైరు ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులని యర్థము. ఆర్ అనునది టైరు లోపలి దారముల యల్లిక రేడియలు పద్ధతిదని తెలుపును. 15 అనునది లోపలి లోహచక్రము, అనగా రిమ్ము యొక్క వ్యాసము, అంగుళములలో. 88 అనునది బరువు సంకేతము; ఆ టైరొక్కటి 560 కిలోల బరువు మోయగలదని దాని భావము. హెచ్ అనునది వేగపు సంకేతము. గంటకు 210 కిలోమీటరుల వరకు తాళునని యర్థము. టీ యనిన 190, ఎస్ యనిన 180.

ఇట్లు వెడల్పు మిల్లీమీటరులలోను, ఎత్తు నూటికి వంతులలోను, రిమ్ము అంగుళములలోను చెప్పుటచేతనే జనులు తికమక పడుదురు. 17 అంగుళముల చక్రమనగా బండి రెండంగుళములు పెద్దదగునని కొందఱు తలంతురు. అది సరి కాదు. రిమ్ము పెరిగినప్పుడు టైరు ప్రక్కగోడను తగ్గించి, మొత్తము చక్రపు టెత్తు మారకుండ చూచుట యీ విద్యకు మూలసూత్రము.

ఎత్తు లెక్క

లెక్క చాల సులభము. వెడల్పును వంతుచేత గుణించి ప్రక్కగోడ యెత్తు తీయవలయును. అది పైన నొకటి, క్రింద నొకటి గనుక రెట్టింపు చేయవలయును. రిమ్ము అంగుళములను 25.4 చేత గుణించి దానికి కలుపవలయును. మన సోదరి కారు టైరు 185/65 ఆర్ 15. 185లో నూటికి 65 వంతులు 120.25, రెట్టింపు 240.5. 15 అంగుళములు 381 మిల్లీమీటరులు. మొత్తము 621.5 మిల్లీమీటరులు.

ఈ కారే యెక్కువ వెల రకమునకు తయారీదారులు 195/55 ఆర్ 16 కొలత నిచ్చినారు. దాని లెక్క తీసిన 620.9 మిల్లీమీటరులు వచ్చును. రిమ్ము ఒక యంగుళము పెరిగినను మొత్తము మీద భేదము ఒక్క మిల్లీమీటరైనను లేదు. తయారీదారు చేసిన మార్పు ఎంత పొందికగా నుండునో దీనివలన తెలిసికొనవచ్చును.

ఇక గుంటలకు భయపడి బండిని ఎత్తు చేయుదమని కొందఱు అదే రిమ్ముపై 205/65 ఆర్ 15 వేయింతురు. దాని మొత్తము 647.5 మిల్లీమీటరులు, అనగా 26 మిల్లీమీటరులు, నూటికి నాలుగు వంతులకు పైగా, ఎక్కువ. బండి లేచునది దానిలో సగమే, 13 మిల్లీమీటరులు మాత్రమే. ఆ స్వల్పలాభమునకై పోవునదేమో చూడుడు.

స్పీడుమీటరు చక్రము తిరిగిన చుట్లను లెక్కించి వేగము చెప్పునే గాని, త్రోవను కొలిచి చెప్పదు. మానిక పెద్దదైనచో కొలిచినవి పది మానికలే యైనను గాదెలోని గింజలు హెచ్చుగా పోవును గదా! అట్లే చక్రము పెద్దదైన నొక్కొక్క చుట్టునకు బండి యెక్కువ దూరము పోవును. మీటరు మాత్రము పాత లెక్కయే చెప్పును. మునుపు సరిగా చూపుచుండిన మీటరు ఇప్పుడు 80 చూపునప్పుడు బండి నిజముగా 83 దాటి పోవుచుండును. వేగపు హద్దు మీరితిరని జరిమానా వచ్చినప్పుడు మీటరును సాక్ష్యముగా చూపిన లాభముండదు. బ్రేకులు పట్టునప్పుడు చక్రములు జారకుండ కాచు యంత్రము కూడ ఈ చుట్ల లెక్కమీదనే ఆధారపడును. వ్యాపారులు నూటికి మూడు వంతుల భేదమువరకు పరవాలేదని చెప్పుదురు. అది యంత్రపు వాడుకలో నుపకరించెడి యంచనాయే గాని చట్టమిచ్చిన సెలవు కాదని జ్ఞాపకముంచుకొనవలయును.

గాజు కొలత వంటిది రిమ్ము కొలత

గాజులు కొనునప్పుడు రెండు-నాలుగు, రెండు-ఆరు అని కొలత చెప్పి కొందుము. ఒక్క కొలత తప్పిన గాజు చేతికెక్కదు, లేదా జారిపోవును. రిమ్మునకు ఇటువంటి కొలతలు నాలుగైదు కలవు. అన్నియు నొక్కసారి కుదురవలయును.

మొదటిది మేకుల వలయము. బలేనో వంటి చిన్నకార్లకు నాలుగు నట్లు 100 మిల్లీమీటరుల వలయముపై నుండును. కొన్ని కార్లకు అయిదు నట్లు, వేఱు వలయము నుండును. రెండవది నడిమి రంధ్రము. బండి యిరుసు మొన దానిలో నిమిడి కూర్చుండవలయును. రంధ్రము పెద్దదైన బరువంతయు నట్లమీదనే పడి, వేగమున స్టీరింగు వణకును. దానికి తగిన నడిమి ఉంగరములు వేయింపక విడువరాదు. మూడవది రిమ్ము వెడల్పు. 185/65 ఆర్ 15 టైరుకు 5 మొదలు 6.5 అంగుళముల వెడల్పుగల రిమ్ము తగును. 195/55 ఆర్ 16 టైరుకు 5.5 మొదలు 7 వరకు తగును. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరు ఉబ్బి నిలుచును. వెడల్పు రిమ్ముపై ఇరుకు టైరు సాగి నిలుచును. రెండును మంచివి కావు.

నాలుగవది ఆఫ్‌సెట్టు. రిమ్ము నడిమి గీటునకును, అది యిరుసునకు తగిలెడి ముఖమునకును గల దూరమిది. ఈ సంఖ్య తగ్గిన కొలది చక్రము బయటకు వచ్చును. 45 ఉండవలసినచోట 35 వేసిన, ఒక్కొక్క చక్రము 10 మిల్లీమీటరులు వెలికి జరిగి, రెండు చక్రముల నడిమి దూరము 20 మిల్లీమీటరులు పెరుగును. బయటకు పొడుచుకొని వచ్చిన చక్రము చూచుటకు ఠీవిగా నుండును. కాని బేరింగులమీద బరువు పెరుగును, స్టీరింగు తీరు మారును, వెనుక నలుగురు కూర్చున్నప్పుడు టైరు మడ్గార్డు అంచునకు రాచుకొనును. అప్పుడు దుకాణమువారు ఆ యంచును సుత్తెతో మడతపెట్టుదురు. కొండనాలుకకు మందు వేసిన నున్ననాలుక ఊడినట్లు, చక్రపు సొగసుకై బండి యొడలే చెడును. చక్రమునకును ఇరుసునకును నడుమ బిళ్లలు పెట్టి చక్రమును వెలికి జరుపుట యింకను చెడ్డది.

బరువు మోయుట

ఎత్తు సరిపోయినంతమాత్రాన టైరు సరిపోయినదని తలంపరాదు. మరిది కోరిన 17 అంగుళముల రిమ్మునకు దుకాణములలో సాధారణముగా చూపెడి కొలతలలో 205/45 ఆర్ 17 యొకటి. దాని యెత్తు 616.3 మిల్లీమీటరులు, పాతదానికంటె నూటికి ఒక వంతైనను తక్కువ కాదు. చూచుటకు దివ్యముగా కుదిరినట్లే యున్నది. కాని యా కొలతలో సాధారణపు టైరు బరువు సంకేతము 84; అనగా 500 కిలోలు. పాత టైరు మోసినది 560. ఒక్కొక్క చక్రమునకు 60 కిలోల శక్తి తగ్గినది. నలుగురు పెద్దలు, ఇద్దఱు పిల్లలు, పండుగ సామానులు, ఊరికి తీసికొనిపోవు బియ్యపు మూట, వీని బరువంతయు వెనుక చక్రములమీదనే హెచ్చుగా పడును. గుంటలో పడిన క్షణమున నా బరువు రెట్టింపై తగులును. అదే కొలతలో ఎక్స్ ఎల్ అను గుర్తుగల గట్టి టైరు 88 సంకేతముతో దొరకును. అయినను దానికి గాలి హెచ్చుగా పట్టింపవలయును.

ప్రక్కగోడ సంగతియు విచారింపదగినదే. పాత టైరు గోడ 120 మిల్లీమీటరులు. కొత్తదాని గోడ 92. అంగుళమునకు పైగా తగ్గినది. గుంటకును రిమ్మునకును నడుమ మెత్తని పరుపువలె నుండునది ఆ గోడయే. పరుపు పలుచనైన, దెబ్బ రిమ్మునకు తగులును. ఇనుప రిమ్ము వంగును; అల్లాయి రిమ్ము పగులవచ్చును. టైరు గోడలోని దారములు తెగి ఉబ్బు లేచును. అట్టి టైరు ఎప్పుడు ప్రేలునో చెప్పలేము. వానకాలములో మన వీథుల స్థితి యెఱిగినవారికి ఇంతకంటె వివరింపనక్కఱలేదు. డయాలిసిసు చేయించుకొని నీరసముగా తిరిగి వచ్చు ముసలమ్మకు గట్టి టైరుమీద ప్రతి గుంటయు నడుముకు తగులునని వేఱుగ చెప్పవలయునా?

చట్టము చెప్పునది

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ఈ విషయమునకు ముఖ్యము. తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును యజమాని మార్చరాదని దాని సారాంశము. ఇంధనము మార్చుట వంటి కొన్ని మార్పులకు నిబంధనల ననుసరించి యనుమతి పొందు త్రోవ కలదు. అనుమతితో చేసిన మార్పును 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలయును. 2019వ సంవత్సరము జనవరి 9వ తేదీన సుప్రీము కోర్టువారు, కేరళనుండి వచ్చిన యొక వ్యాజ్యములో, తయారీదారు నిర్ణయించినదానికి విరుద్ధముగా వాహనమును మార్చుట కూడదని స్పష్టముగా తీర్పు చెప్పిరి. ఆ సంవత్సరమే చట్టమును సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని 182-ఏ సెక్షనులో చేర్చిరి.

ఇచ్చట యజమాని యనుమాట గమనింపుడు. చక్రములు కోరినవాడు మరిది, బిగించినవాడు దుకాణదారుడు, జవాబు చెప్పవలసినవారు మాత్రము కారు ఎవరి పేర నున్నదో వారు. నేడు అనేక కుటుంబములలో కారు గృహిణి పేరనే యుండుట కలదు. అట్టివారు మఱింత మెలకువతో నుండవలయును.

టైరు అరుగుదలకును హద్దు కలదు. 1989వ సంవత్సరపు కేంద్ర నిబంధనలలో 94వది, కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటరులకు తగ్గరాదనుచున్నది. గాడుల నడుమ చిన్న గట్లు పోసియుందురు. టైరు అరిగి యా గట్లతో సమమైన దానిని తీసివేయవలయును. మన దేశమున అమ్ము టైరులకు ఐ.ఎస్.ఐ. ముద్ర యుండుట 2009 నాటి యుత్తరువు ప్రకారము ఆవశ్యకము. ఆ ముద్ర లేని టైరును వెల తగ్గించి యిచ్చినను కొనరాదు.

బీమా సంగతి వేఱు. చేసిన మార్పును కంపెనీవారికి తెలుపక యుండి, పిమ్మట ప్రమాదము జరిగినచో, వారా మార్పును కారణముగా జూపి సొమ్ము తగ్గింపను, నిరాకరింపను ప్రయత్నింపవచ్చును. కొత్త కారునకు తయారీదారిచ్చిన హామీయు, ఇరుసు బేరింగుల విషయమున, వివాదములో పడవచ్చును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

పరదేశములలో నున్న మన యాడుపడుచులకు నొక మాట. అచ్చటి చట్టములు వేఱు. జర్మనీలో కొత్త కొలత చక్రమునకు అంగీకార పత్రమో, పరీక్షాధికారి తనిఖీయో యుండవలయును. బ్రిటనులో గాడుల లోతు టైరు నడిమి ముప్పాతిక వెడల్పున, చుట్టును, 1.6 మిల్లీమీటరులుండవలయును. ఇచ్చటి వాడుకను అచ్చటకు తీసికొనిపోరాదు.

దుకాణమునకు పోవునప్పుడు

డ్రైవరు తలుపు తెఱచిన, ప్రక్క స్తంభముపైన నొక చీటి యంటించియుండును. తయారీదారు ఒప్పుకొన్న టైరు కొలతయు, గాలి యెంత యుండవలయునో యదియు దానిపై నుండును. కారుతో నిచ్చిన పుస్తకములోను ఇవి యుండును. ఆ చీటిని వ్రాసికొని పోవలయును. దుకాణమువారి నోటిమాటతో పని లేదు.

బిల్లుపై టైరు పూర్తి కొలత, బరువు సంకేతము, వేగపు సంకేతము, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్టు వ్రాసి యిమ్మని యడుగవలయును. భయము లేదని నోట చెప్పువాడు వ్రాసి యిచ్చుటకు వెనుదీసినచో, మీకు సమాధానము దొరకినట్లే.

టైరు గోడమీద నాలుగంకెల తయారీ తేదీ చూడుడు. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున చేసినదని యర్థము. కొత్తదని యేండ్లతరబడి గిడ్డంగిలో నిలువయున్న సరకు నంటగట్టకుండ నిది కాచును. ఒకే యిరుసుమీది రెండు టైరులును ఒకే కొలత, ఒకే రకము కావలయును. కొత్త చక్రములు బిగించిన పిమ్మట నూఱు కిలోమీటరులు తిరుగకముందే నట్లను మరల బిగింప జేయవలయును. అల్లాయి రిమ్మునకు వేఱు రకపు నట్లు కావలసియుండును, పాతవాటితో సరిపెట్టరాదు.

స్టెప్నీని మఱవరాదు. వేల్సు దేశములో లనెల్లీ పట్టణమందలి స్టెప్నీ వీథిలో మొట్టమొదట ఈ విడిచక్రములను చేసి యమ్మినందున వానికా పేరు వచ్చినది. నాలుగు చక్రముల కొలత మార్చి స్టెప్నీని పాతదిగనే యుంచినచో, రాత్రివేళ దారిలో దానిని వేసినప్పుడు చక్రముల యెత్తులలో భేదము రాకుండ చూచుకొనవలయును. తయారీదారే చిన్న స్టెప్నీ యిచ్చినచోట, దానిపై వ్రాసిన వేగపు హద్దు మీరక, దగ్గఱి దుకాణమువరకే పోవలయును.

జాబు వ్రాసిన సోదరికి

అమ్మా, మీ మరిది కోరిక దోషము కాదు. బండి యందముగా నుండవలయునని కోరుట యువకులకు సహజము. కాదని యొక్క మాటతో త్రోసివేసిన నింట మనస్తాపము కలుగును. ఔనని యూరకున్న నపాయము కలుగును. రెంటికి నడుమ మంచి త్రోవ కలదు. 17 అంగుళములు మాని, మీ కారు తలుపు చీటిపై నున్న కొలతకే, అనగా 185/65 ఆర్ 15 టైరుకే, తగిన 15 అంగుళముల అల్లాయి రిమ్ములు తీసికొనవచ్చును. వెడల్పు, ఆఫ్‌సెట్టు, మేకుల వలయము పాతవానితో సమముగా నుండవలయును. చూపు మారును, కొలత మారదు. అతనికి 16 అంగుళములే కావలయునన్నచో, అదే కారు పై రకమునకు తయారీదారిచ్చిన 195/55 ఆర్ 16 చక్రములు మీ బండికి తగునా యని కంపెనీ సర్వీసు స్టేషనువారిని వ్రాతమూలముగ నడిగి, వారు సరియని వ్రాసియిచ్చిన పిమ్మటనే వేయింపుడు, బీమావారికిని తెలుపుడు. అంతకు మించిన మాటకు ఒప్పుకొనకుడు.

ఇంటిలో మీరు పెద్దగా వాదింపనక్కఱలేదు. ఒక కాగితముపై పై లెక్క వేసి, 560 అనునది యొక ప్రక్క, 500 అనునది యొక ప్రక్క వ్రాసి, మీవారియెదుట నుంచుడు. వారమునకు రెండుమారులు ఆ చక్రములమీద పోవువారెవరో ఆయనకు మీరు చెప్పనక్కఱలేదు. ఆయన తల్లియే గదా.

వచ్చు సంచికలో టైరుకు గాలి యెప్పుడు, ఎంత పట్టింపవలయునో విచారింతము.